గీత ఎక్కడ ఆపాలో స్కానర్‌కి తెలీదు

గ్రీసులోని క్రీట్ దీవిలో, క్నోసోస్ అనే ప్రాచీన రాజభవనం దగ్గర 1900లో బ్రిటిష్ ఆర్కియాలజిస్టు ఆర్థర్ ఈవాన్స్ తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు గోడల మీంచి ఊడిపడ్డ రంగు ప్లాస్టర్ ముక్కలు బోలెడు దొరికాయి, వాటిల్లో కొన్నింటిని ఆయన దగ్గర పనిచేసే ఆర్టిస్టులు ఒకచోట పేర్చి, మధ్యలో దొరకని జాగాని తమకి తోచినట్టు నింపి, కుంకుమపూలు కోస్తున్న కుర్రాడి బొమ్మ ఒకటి తయారుచేశారు. చూడ్డానికి చాలా బావుంటుంది. పుస్తకాల్లోకెక్కింది, జనం నమ్మేశారు. కొన్ని దశాబ్దాలు గడిచాక వేరేవాళ్ళు అవే ముక్కల్ని తీరిగ్గా మళ్ళీ చూస్తే ఒంటికి నీలం రంగుంది, వెనకాల తోక ఆనవాలుంది, కుర్రాడేంటి, అది కోతి! తర్వాత్తర్వాత సాంటోరిని దీవిలో అక్రోటిరి తవ్వకాల్లో గోడ మీద నీలం కోతుల గుంపే బయటపడేసరికి ఇంక వాదించడానికి కూడా ఏం మిగల్లేదు.

ఇందులో ఆ ఆర్టిస్టుల చేతి పనికి వంక పెట్టేదేం లేదు, చెయ్యి మంచిదే. మ్యూజియంలో బొమ్మ దగ్గరికెళ్ళి చూస్తే ఏది దొరికిన ముక్క, ఏది నింపింది అన్నది పోల్చుకోవచ్చు కూడా. కానీ అదే బొమ్మ పుస్తకంలోకి, పోస్టర్లోకి ఎక్కేటప్పటికి ఆ తేడా కాస్తా మాయమైపోయి, ఊహకీ ఆధారానికీ ఒకే రంగు పడిపోయింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆర్కియాలజీతో కలిసి పనిచేసే ఆర్టిస్టుల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది "కాగితం మీదా గీస్తారు, టాబ్లెట్ మీదా గీస్తారు, రెండూ ఎంత బాగా కలిపారో" అని మెచ్చుకుని అక్కడితో ఆగిపోతున్నారు. పెన్సిలూ స్టైలస్సూ కలపడం ఇవాళ పెద్ద విశేషమేం కాదు, కామిక్స్ వేసేవాళ్ళూ కలుపుతున్నారు, యాడ్స్ చేసేవాళ్ళూ కలుపుతున్నారు. నన్నడిగితే చూడాల్సింది ఒక్కటే: ఆ బొమ్మలో ఏ గీత కళ్ళతో చూసి గీసింది, ఏ గీత బహుశా ఇలా ఉండి ఉంటుందని గీసింది, అది చూసేవాళ్ళకి తెలుస్తోందా లేదా. తెలిస్తే అది ఆర్కియాలజీకి పనికొస్తుంది, తెలియకపోతే ఎంత అందంగా ఉన్నా గోడకి తగిలించుకోవడానికే.

అసలు ఇన్ని కెమెరాలుండగా గీయడం దేనికి అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, న్యాయమైన ప్రశ్నే. ఒక కుండపెంకు తీసుకోండి, మూతి అంచు ఉన్న ముక్క. దాన్ని గీసేవాళ్ళు ముందు దాన్ని బోర్లా చదునైన బల్ల మీద పెట్టి, అంచు కిందనుంచి వెలుతురు చొరబడనంతవరకూ ముందుకీ వెనక్కీ వంచి చూస్తారు, అప్పుడు గానీ ఆ ముక్క కుండలో ఎంత వాలుగా ఉండేదో తేలదు. తర్వాత ఒకదానిలో ఒకటి వలయాలు గీసున్న చార్టు మీద ఆ అంచు వంపుని సరిపోల్చి కుండ మూతి ఎంత వెడల్పో తేలుస్తారు. కాలిపర్‌తో మందం, దువ్వెనలాంటి ప్రొఫైల్ గేజ్‌తో వంపు. ఇదంతా అయ్యాక చాలా దేశాల్లో వాడే పద్ధతి ప్రకారం మధ్యలో ఒక నిలువు గీత పెట్టి ఎడమవైపు కుండని కోసినట్టు, కోతని నల్లగా నింపి, లోపలి వైపు చూపిస్తారు, కుడివైపు బయటి రూపం వేస్తారు. కుండ మొత్తం లేదు, ఉన్నది అరచెయ్యంత ముక్క, అయినా ఎక్కడో వేరే దేశంలో కూర్చున్న మనిషి ఆ బొమ్మ చూసి "ఇది మా దగ్గర దొరికిన రకమే" అని చెప్పగలుగుతున్నారు. ఫోటోలో ఇది కుదరదు, ఎందుకంటే ఫోటోకి కుండ గోడ మందం తెలీదు, వాలు తెలీదు, నీడ పడితే నల్ల మరకేదో నిజం గాడి ఏదో తెలీదు.

రాతి పనిముట్లైతే ఇంకా కష్టం. చెకుముకి రాయి మీద దెబ్బ వేసిన ప్రతిసారీ ఒక పెచ్చు ఊడి ఒక పల్లం మిగులుతుంది, ఆ పల్లంలో దెబ్బ పడ్డ చోటునుంచి అలల్లాగా గీతలు విస్తరిస్తాయి. ఆ అలలు ఎటు వంగుతున్నాయో చూసి గీసేవాళ్ళు దెబ్బ ఏ వైపునుంచి పడిందో, ఏ పెచ్చు ముందు ఊడిందో ఏది తర్వాతో నిర్ణయించుకుని అప్పుడు గీత పెడతారు, వెలుగు ఎప్పుడూ ఎడమవైపు పైనుంచి పడుతున్నట్టే చూపిస్తారు, ప్రపంచంలో ఎక్కువమంది పాటించే పద్ధతి అది. అంటే ఆ బొమ్మ చదవడం వచ్చినవాళ్ళకి కొన్ని వేల ఏళ్ళ కిందట ఆ రాయిని చెక్కిన మనిషి చెయ్యి ఎటు తిరిగిందో కనపడుతుంది. త్రీడీ స్కాన్ ఆ రాయి ఉపరితలం మొత్తాన్ని మిల్లీమీటరులో ఎన్నో వంతు దాకా కొలిచేస్తుంది, నిజమే, కానీ లక్షల త్రిభుజాల్లో ఏ అంచు ముఖ్యమో ఏది నిన్న సంచిలో రాసుకుని పడ్డ గీతో దానికి పట్టదు. అన్నీ దానికి సమానమే.

ట్రెంచ్‌లో, అంటే తవ్వుతున్న గుంటలో, గీసే పని ఇంకో రకం, నాకైతే మొత్తం వ్యవహారంలో ఇదే ఎక్కువ ఇష్టం. ఒక మీటరు చదరపు ఫ్రేమ్‌కి 20 సెంటీమీటర్లకొక తాడు కట్టి నేల మీద పరుస్తారు, పైనుంచి నిలువుగా చూస్తూ ఒక్కో గడిలో ఉన్నది షీట్ మీద దింపుకుంటారు, ప్లాన్, అంటే పైనుంచి చూసిన నేల బొమ్మ, మామూలుగా 1:20 స్కేల్లో, గుంట గోడలో కనపడే పొరల కోత అయితే 1:10లో. షీట్ కూడా మామూలు కాగితం కాదు, తడిస్తే సాగని ప్లాస్టిక్ ఫిల్మ్, పెన్సిల్ 4హెచ్ నుంచి 6హెచ్ లాంటి గట్టి రకం. ఇక్కడ గీసేవాళ్ళకి కళ్ళొక్కటే సరిపోవు, ఒక మట్టిపొర ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో చాలాసార్లు రంగులో తెలీదు, తాపీతో గీకితే వచ్చే చప్పుడులో తెలుస్తుంది, వేళ్ళ మధ్య నలిపితే ఇసుకగా తగిలిందా జిగటగా తగిలిందా అన్నదాంట్లో తెలుస్తుంది, ఇదేదీ ఏ డ్రోనూ ఏ కెమెరా పట్టుకోలేవు. ఇంకా ముఖ్యమైన సంగతి, అంచు ఖాయంగా తెలిస్తే నిండు గీత, అనుమానంగా ఉంటే తెగిన గీత. చూడ్డానికి ఇంత చిన్న విషయం, కానీ "నాకు ఇక్కడ సరిగ్గా తెలియట్లేదు" అని ఒప్పుకోవడానికి ఆ పద్ధతిలోనే ఒక జాగా కట్టిపెట్టారు. మరి టాబ్లెట్లోకి వచ్చాక ఆ తెగిన గీత ఏమైంది అన్నదే నా బెంగ.

కాగితమూ యంత్రమూ కలిపి వాడటం ఏదో ఇప్పటి సంగతి అనుకునేవాళ్ళు ఈజిప్టులోని లక్సర్‌లో షికాగో యూనివర్సిటీ వాళ్ళ ఎపిగ్రాఫిక్ సర్వే, అంటే గుడి గోడల మీది శాసనాల్నీ చెక్కడాల్నీ నకలు తీసే బృందం, చేసే పని చూడాలి. ఈజిప్టు చరిత్ర పండితుడు జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ 1924లో మొదలుపెట్టించాడు. వాళ్ళ పద్ధతేంటంటే, గుడి గోడని పెద్ద కెమెరాతో ఫోటో తీస్తారు, ఆ ఫోటోని పెద్దగా ప్రింట్ చేసి ఆర్టిస్టు దాన్ని పట్టుకుని మళ్ళీ గోడ దగ్గరికెళ్ళి, గోడని చూస్తూ ఫోటో మీదే పెన్సిల్‌తో గీస్తారు, స్టూడియోకొచ్చి దాని మీద ఇంకు వేస్తారు, అప్పుడు కెమికల్‌తో ఫోటోని కడిగేస్తారు, ఫోటో పోయి గీతలు మాత్రం మిగులుతాయి. ఎంత బాగుందో చూడండి, యంత్రం కొలత ఇచ్చింది, మనిషి నిర్ణయం ఇచ్చాడు, చివరికి యంత్రం పక్కకి తప్పుకుంది. అక్కడితో అయిపోదు, ఆ బొమ్మ బ్లూప్రింట్‌ని ముక్కలుగా కత్తిరించి కాగితాల మీద అతికించుకుని లిపి చదవగలిగిన పండితులు ఒకరి తర్వాత ఒకరు గోడ ముందు నిలబడి "ఈ పక్షి కాలు ఇలా లేదు, ఆ చెక్కడం తర్వాత ఎవరో కొట్టేసింది" అని మార్జిన్లో రాస్తారు, ఆర్టిస్టు మళ్ళీ గోడ దగ్గరికెళ్ళి ఒప్పుకుంటే మారుస్తారు, ఒప్పుకోకపోతే వాదిస్తారు. వెలుగు పడే వైపు సన్న గీత, నీడ వైపు లావు గీత, అది చూసి గోడ మీద చెక్కడం పైకి ఉబ్బిందా లోపలికి తవ్విందా చెప్పొచ్చు.

ఇప్పుడు వాళ్ళు కూడా చాలావరకు డిజిటల్ టాబ్లెట్ మీదికి వచ్చేశారు, ఫోటోని స్క్రీన్ మీద కింద లేయర్లో పెట్టుకుని పై లేయర్లో గీస్తున్నారు. కడగడానికి కెమికల్ అక్కర్లేదు, కింది లేయర్ ఆఫ్ చేస్తే చాలు. కానీ గోడ ముందుకెళ్ళడం మానలేదు, పండితుల చెకింగ్ మానలేదు, గీత మందం నియమాలు మార్చలేదు. డిజిటల్‌కి మారడమంటే ఇలా ఉండాలని నా అభిప్రాయం. పరికరం మారింది, క్రమశిక్షణ అలాగే ఉంది. చాలాచోట్ల దీనికి సరిగ్గా తిరగబడి జరుగుతోంది, కొత్త పరికరం వచ్చేసరికి పాత నియమాలు ముసలివైపోయాయని అవతల పడేస్తున్నారు.

ఫ్రాన్స్‌లో షోవే గుహ సంగతి కూడా ఇలాంటిదే. 1994 డిసెంబర్లో దొరికింది, లోపల బొమ్మల్లో పాతవి దాదాపు 36,000 ఏళ్ళ నాటివి, జనాన్ని రానివ్వరు, రీసెర్చర్లకి కూడా ఏడాదిలో కొద్ది రోజులే, అదీ వేసిన దారి మీదే నడవాలి, గోడ ముట్టుకోకూడదు. అక్కడ పనిచేసిన జిల్ తొసెల్లో ఆర్టిస్టూ, ప్రాక్‌చరిత్ర పరిశోధకుడూ రెండూ. ఆయన, కరోల్ ఫ్రిట్జ్ కలిసి చేసిన పద్ధతిలో ముందు గోడ ఫోటోలన్నీ కంప్యూటర్లో జోడించి ప్రింటు తీసుకుంటారు, మళ్ళీ గుహలోకెళ్ళి గోడ ముందు కూర్చుని ఆ ప్రింటు మీద ట్రేసింగ్ షీట్ వేసి, చూసిన ప్రతి గీతనీ, గోకుడునీ, ఎలుగుబంటి గోళ్ళ గుర్తునీ చేత్తో దింపుతారు, తర్వాత మళ్ళీ కంప్యూటర్లోకి. కాగితం, స్క్రీన్, కాగితం, స్క్రీన్, ఇలా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. గుర్రాల ప్యానెల్ మీద ఏ జంతువు ముందు వేశారు, ఏది దానిమీద పడింది, బొగ్గుని వేళ్ళతో ఎక్కడ పులిమారు, గోడని ముందే ఎక్కడ గీకి తెల్లగా చేసుకున్నారు అన్నదంతా ఇలా గీస్తూ గీస్తూ తేల్చిందే. తర్వాత జనం చూడ్డానికి కట్టిన నమూనా గుహ 2015లో తెరిచినప్పుడు అందులో ఆ గుర్రాల్ని మళ్ళీ బొగ్గుతో గీసింది కూడా తొసెల్లోనే. నమూనా గోడ ఆకారం డిజిటల్ స్కాన్ నుంచి వచ్చింది, దాని మీద గీత మాత్రం చేతినుంచి వచ్చింది. ఏ పని ఎవరికి అప్పజెప్పాలో తెలియడమంటే ఇదే.

గీయడం వల్ల చూపు మారుతుంది అనే మాట ఆర్టిస్టులు ఎప్పుడూ అంటుంటారు, వినేవాళ్ళు అదేదో కవిత్వం కింద తీసిపారేస్తారు, అందుకే గట్టి సాక్ష్యం ఒకటి చెప్తాను. తత్యానా ప్రొస్కురియాకోఫ్ ఆర్కిటెక్చర్ చదువుకున్నావిడ, ఉద్యోగాలు దొరకని రోజుల్లో బొమ్మలు గీస్తూ ఆర్కియాలజీలోకి వచ్చింది. 1936లో గ్వాటెమాలాలోని పియెద్రాస్ నెగ్రాస్ అనే మాయా నగరానికి (మాయా అంటే మధ్య అమెరికాలోని పాత నాగరికత) వెళ్ళి, శిథిలాల కొలతలు తీసుకుని ఆ కట్టడాలు ఒకప్పుడు ఎలా ఉండేవో గీసింది. అప్పట్లో పెద్ద పండితుల నమ్మకం ఏంటంటే మాయా శాసనాల్లో అంతా ఖగోళం, పంచాంగం, దేవుళ్ళు తప్ప మనుషుల చరిత్ర లేదని. ఈవిడ అవే శిలల్ని, వాటి మీద బొమ్మల్ని, తేదీల్ని ఏళ్ళ తరబడి చూసి చూసి, ఒక్కో గుంపు శిలల మీది తేదీలు ఒక మనిషి జీవితకాలానికి సరిపోతున్నాయని, ఒక రకం బొమ్మ ఉన్న శిల రాజు గద్దెనెక్కినప్పటిదని 1960లో రాసింది. అప్పటినుంచి మాయా చరిత్ర చదివే తీరే మారిపోయింది. బొమ్మలు గీసే మనిషి కాబట్టే ఆవిడకి ఆ వరస కనపడిందని ఖాయంగా చెప్పలేం గానీ, అన్నేళ్ళు ఆ శిలల్ని గీతగీతగా చూడని మనిషికి కనపడేది మాత్రం కాదనుకుంటా.

చూడ్డం రాకపోతే పరికరం ఎంత మంచిదైనా దండగే అనడానికి కూడా మాయా బొమ్మల్లోనే ఉదాహరణ ఉంది. ఇంగ్లీషు ఆర్టిస్టు ఫ్రెడరిక్ క్యాథర్‌వుడ్ 1839లో కోపాన్ అనే మాయా నగరానికి వెళ్ళినప్పుడు చేతిలో కెమెరా లూసిడా ఉంది, అంటే ఎదురుగా ఉన్న వస్తువు కాగితం మీద పడినట్టు కనిపించే పట్టకం, ఆ రోజుల్లో అదే హైటెక్. అయినా మొదట్లో గీత కుదరక తంటాలు పడ్డాడు, ఎందుకంటే ఆ శిల్పం పద్ధతి అంతకుముందు ఆయన చూసిన దేనికీ దగ్గరగా లేదు, కన్ను అలవాటు పడితే గానీ చెయ్యి కదల్లేదు. ఆయనకంటే ముందు అదే ప్రాంతంలో గీసిన వాల్డెక్ దొరగారికైతే, ఏనుగులే లేని ఆ దేశపు మాయా చెక్కడాల్లో ఏనుగులు కనపడ్డాయి!

ఇంత చెప్పానని డిజిటల్ అంటే నాకు పడదనుకోవద్దు. మనిషి కంటికి ఎప్పటికీ ఆననివి చూపించడంలో దాన్ని కొట్టేది లేదు. హెచ్‌పీ ల్యాబ్స్‌లో టామ్ మాల్జ్‌బెండర్ 2001లో బయటపెట్టిన పద్ధతిలో కెమెరా కదలకుండా పెట్టి, లైటు మాత్రం చుట్టూ తిప్పుతూ వరసగా ఫోటోలు తీస్తారు, తర్వాత కంప్యూటర్లో లైటు ఎటునుంచి కావాలంటే అటునుంచి వేసుకుని చూడొచ్చు. గ్రీసు సముద్రంలో దొరికిన, ఖగోళ లెక్కలు వేసే ప్రాచీన ఆంటికిథెరా యంత్రం మీద 2005లో ఇది వాడితే తుప్పు పట్టి కంటికి ఆనకుండా పోయిన అక్షరాలు మళ్ళీ కనపడ్డాయి. అలాగే జాన్ హార్మన్ చేసిన డీ-స్ట్రెచ్ అనే ప్రోగ్రాం రంగుల మధ్య తేడాని సాగదీసి, వెలిసిపోయిన రాతి చిత్రాల్ని పైకి తెస్తుంది, దాంతోనే అంగ్‌కోర్ వాట్ గోడల మీద రోజూ వేలమంది పక్కనుంచి నడిచిపోయే చోట దాదాపు 200 బొమ్మలు దాగున్నాయని 2014లో బయటపెట్టారు. భీంబేట్కా గుహల్ని 1957లో లోకానికి పరిచయం చేసిన విష్ణు శ్రీధర్ వాకణ్కర్ స్వయంగా చిత్రకారుడు, రాతి చిత్రాల కాపీలు చేత్తో గీస్తూ తిరిగిన మనిషి, ఆయన చేతికి ఈ డీ-స్ట్రెచ్ ఒక్కటి ఇచ్చుంటే ఏం జరిగేదో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంటుంది.

కానీ చూడండి, డీ-స్ట్రెచ్ స్క్రీన్ మీద ఎర్రగా ఒక మరక చూపిస్తుంది, అది జింకా, ఇనుము కలిసిన నీళ్ళు కారిన చారా అన్నది మాత్రం చెప్పదు. గీసేవాళ్ళు చెప్పాలి. చెప్పాక, ఎందుకలా అనుకున్నారో కూడా చెప్పాలి. చాలా ఫోటోలు కలిపి త్రీడీ ఆకారం తయారుచేసే ఫోటోగ్రామెట్రీ కూడా అంతే, గాజు, మెరిసే రాయి ముందు పెడితే తికమకపడి గుంటలూ బొడిపెలూ సృష్టిస్తుంది, వాటిని సాఫ్ట్‌వేర్ చక్కగా నున్నగా పూడ్చేస్తుంది, పూడ్చినట్టు చూసేవాళ్ళకి తెలీనే తెలీదు.

ఆ నున్నదనమే నా అసలు గొడవ. పెన్సిల్ బొమ్మలో అనుమానం కనపడుతుంది, చెరిపిన మరక ఉంటుంది, గీత వణుకుతుంది, మార్జిన్లో ప్రశ్న గుర్తు ఉంటుంది. స్క్రీన్ మీద వంద సార్లు అన్‌డూ కొట్టినా ఆఖరి బొమ్మ మాత్రం మొదటిసారే ఖాయంగా తెలిసి గీసినట్టు ఉంటుంది. మన కళ్ళకి ఫినిషింగ్ ఎంత బావుంటే అంత నిజమనిపించే జబ్బు ఒకటుంది. 1909లో చిత్రకారుడు ఫ్రాంతిషెక్ కుప్కా ఒక పత్రిక కోసం గీసిన నియాండర్తల్ మనిషి ఒళ్ళంతా జుట్టుతో, వంగి, గొరిల్లాలా ఉంటాడు. అంతకుముందు ఏడాది ఫ్రాన్స్‌లోని లా షపెల్‌లో దొరికిన అస్థిపంజరం గురించి బూల్ అనే పెద్ద శాస్త్రవేత్త చెప్పినదాన్ని బట్టి గీసిన బొమ్మ అది. ఆ అస్థిపంజరం ఒక ముసలాయనది, ఎముకలకి కీళ్ళవాతం ఉందని, అతన్ని చూసి జాతి మొత్తం అలా వంగి నడిచేదనుకోవడం తప్పని 1957లో మళ్ళీ పరీక్ష చేసినవాళ్ళు రాశారు. అర్ధ శతాబ్దం ఆ బొమ్మ జనం బుర్రల్లో కాపురం ఉంది, ఇప్పటికీ పూర్తిగా ఖాళీ చెయ్యలేదు. పరిశోధన వ్యాసాన్ని ఇంకో వ్యాసంతో కొట్టేయొచ్చు గానీ బొమ్మని కొట్టేయడానికి ఇంకో బొమ్మ కావాలి, అదీ దానికంటే బావుండాలి.

శిథిలాలు ఒకప్పుడు ఎలా ఉండేవో గీసే పాత కాలం రీకన్‌స్ట్రక్షన్ ఆర్టిస్టులకి దీనికో ఉపాయం ఉండేది, తెలియని చోట పొగ పెట్టడం. అలాన్ సోరెల్ బొమ్మలు చూస్తే మబ్బులు, పొగలు, గాలివాన, నీడలు, అదంతా వాతావరణం కోసమే కాదు, కింద ఏముందో ఆధారం లేని చోట కప్పడానికి కూడా బాగా పనికొచ్చేది. కొంటె పనే గానీ అందులో ఒక నిజాయితీ ఉంది, లేని కిటికీ గీయకుండా పొగ గీశాడు. త్రీడీ మోడల్లో ఆ వెసులుబాటు లేదు, కెమెరా చుట్టూ తిరుగుతుంది కాబట్టి ప్రతి గోడకీ వెనకవైపు ఉండి తీరాలి, తెలిసినా తెలియకపోయినా కప్పు వెయ్యాలి. ఈ సమస్య గుర్తించే లండన్ చార్టర్ అని ఒకటి 2006లో మొదలై 2009లో ఇప్పటి రూపానికి వచ్చింది, 2011లో సెవిల్ సూత్రాలు వచ్చాయి, రెండూ చెప్పేది ఇంచుమించు ఒకటే, బొమ్మతోపాటు ఆ బొమ్మ వెనకాల నిర్ణయాలు కూడా రాసిపెట్టండి, ఏది ఆధారం, ఏది ఊహ చూసేవాళ్ళకి తెలిసేలా చెయ్యండి అని. మంచి మాటలు. పాటించేవాళ్ళు ఎంతమంది అంటే, ఏదైనా మ్యూజియం త్రీడీ వీడియో చూడండి, "ఈ గోడ మా ఊహ" అని ఎక్కడైనా కనపడుతుందేమో. ఇక ఒక లైను టైపు చేస్తే పురాతన నగరం బొమ్మ ఇచ్చే ఏఐ సంగతైతే చెప్పక్కర్లేదు, అందులో నిర్ణయం తీసుకున్న మనిషే లేడు, "ఈ తోరణం ఎందుకు పెట్టావ్" అని ఎవర్ని నిలదీస్తాం?

కళ వైపునుంచి వచ్చినవాళ్ళలో ఈ విషయం బాగా పట్టుకున్నది ఇరాన్‌లో పుట్టిన ఆర్టిస్టు మోరెషిన్ అల్లాహ్యారీ అనుకుంటాను. ఇరాక్‌లోని మోసుల్ మ్యూజియంలో ఐసిస్ పగలగొట్టిన, హత్రా అనే ప్రాచీన నగరపు విగ్రహాల లాంటివి కొన్నింటిని ఆవిడ 2015-16లో త్రీడీ ప్రింట్ చేసింది, పారదర్శకంగా ఉండే చిన్న ప్రతిమలు, వాటి లోపల మెమరీ కార్డు, ఫ్లాష్ డ్రైవ్. అందులో ఆ విగ్రహాల గురించి ఆవిడ పోగుచేసిన ఫోటోలు, పీడీఎఫ్‌లు, పరిశోధకులతో నడిపిన ఈమెయిళ్ళు. అంటే బొమ్మా, బొమ్మకి ఆధారమూ ఒకే ఒంట్లో ఉన్నాయి. గ్యాలరీలో ఇది ఒక ఐడియాగా మెచ్చుకుని వదిలేస్తారు, నా దృష్టిలో మాత్రం ఆర్కియాలజీ వాళ్ళు ఎత్తుకెళ్ళాల్సిన పద్ధతి ఇది.

దాచిపెట్టడం గురించి కూడా ఒక మాట. కాగితమే శాశ్వతం అని కొందరు గుండెలు బాదుకుంటారు, అజంతా చరిత్ర చదివితే ఆ నమ్మకం పోతుంది. బ్రిటిష్ సైనికాధికారి రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏళ్ళ తరబడి గుహల్లో కూర్చుని చేసిన కాపీల్లో ఎక్కువ భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి, తర్వాత జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో మళ్ళీ చేయించినవి చాలా 1885లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం మంటల్లో పోయాయి. రెండుసార్లు! ఇంకోవైపు కృష్ణా ఒడ్డున అమరావతి స్తూపం ఉంది. 1816లో కాలిన్ మెకంజీ మళ్ళీ వచ్చి తన మనుషులతో గీయించేసరికే దాన్ని తవ్వి రాళ్ళు తరలించేశారు, అప్పుడు గీసిన ఫలకాల్లో కొన్ని ఇవాళ ఎక్కడా లేవు, బ్రిటిష్ లైబ్రరీలోని ఆ బొమ్మల్లో తప్ప. కొలతలు వేసి, ఏ రాయి ఎక్కడుందో రాసి గీశారు కాబట్టి రెండొందల ఏళ్ళ తర్వాత కూడా స్తూపం ఆకారం గురించి వాదించుకోవడానికి అవే దిక్కు. మరి డిజిటల్ ఫైలు అంత కాలం ఉంటుందా అంటే, ఒకప్పుడు ఆర్కియాలజీ డ్రాయింగులకి ఎంతోమంది వాడిన ఫ్రీహ్యాండ్ సాఫ్ట్‌వేర్‌ని అడోబీ 2007లో ఆపేసింది, ఇప్పుడు ఆ ఫైళ్ళు తెరవాలంటే పాత కంప్యూటర్ వెతుక్కోవాలి. రాయి మూడు వేల ఏళ్ళు ఆగింది, దాని బొమ్మ ఇరవై ఏళ్ళు ఆగలేదు.

అందుకని ఈ రెండూ కలిపి పనిచేసే ఆర్టిస్టు ఇచ్చే వాటిల్లో ఆఖరి బొమ్మకి నేను వేసే విలువ అన్నిటికంటే తక్కువ. ట్రెంచ్‌లో మట్టి మరకలతో ఉన్న పెన్సిల్ షీట్, లేయర్లు విడివిడిగా ఉన్న ఫైలు, ఎందుకలా గీశారో రాసుకున్న నోట్సు, ఇవి అసలు సరుకు. తవ్వకంలో ప్రతి మట్టిపొరకీ ఒక నంబర్ ఇస్తారు, ఏది దేని మీద ఉందో చూపించే చార్టు ఎడ్వర్డ్ హారిస్ 1973లో తయారుచేసి పెట్టాడు, ప్రపంచమంతా వాడుతున్నారు. తవ్వకంలో అలా నంబర్లు పాటించే మనిషే స్టూడియోకొచ్చి ఫైల్లో "లేయర్ 47 కాపీ కాపీ ఫైనల్" అని పేరు పెడుతున్నాడు! తవ్వేచోట ఉన్న శ్రద్ధ గీసేచోట ఎందుకుండదు? చూసి గీసినవి ఒక గ్రూపు, పక్క ముక్కని బట్టి పొడిగించినవి ఒక గ్రూపు, ఇంకెక్కడో దొరికిన దాన్ని చూసి నింపినవి ఇంకో గ్రూపు, పూర్తిగా ఊహ వేరే గ్రూపు, ఇలా పెట్టుకోవడానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏం అక్కర్లేదు, ఉన్న ప్రతి ప్రోగ్రాంలోనూ ఆ సదుపాయం ఉంది. పేపర్‌కి చేతకాని ఈ పని డిజిటల్ చెయ్యగలదు, ఊహని ఒక్క క్లిక్‌తో తీసేసి ఆధారం మాత్రమే చూపించడం, మనవాళ్ళు సరిగ్గా దాన్నే ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు చదును చేసి పారేస్తున్నారు.

దీనికి ఆర్టిస్టుల్ని ఒక్కళ్ళనే అనడం కూడా సబబు కాదు. చాలా ప్రాజెక్టుల్లో ఆర్టిస్టుని తవ్వకం అంతా అయిపోయి రిపోర్టు అచ్చుకెళ్ళే ముందు పిలుస్తారు, కవర్ మీదికి ఒకటి, లోపలికి నాలుగు అని చెప్తారు, ట్రెంచ్ అప్పటికే పూడ్చేసుంటారు. ఆ మనిషి దేన్ని చూసి గీయాలి? ఫోటోలు చూసి గీస్తారు, తెలియనిచోట మబ్బేస్తారు. రిపోర్టులో పేరు ఎక్కడో కృతజ్ఞతల కింద వస్తుంది. నిర్ణయాలు తీసుకున్న మనిషిని రచయితల వరసలో పెట్టకుండా ఆ నిర్ణయాలకి జవాబు చెప్పమనడం ఎలా కుదురుతుంది?

"అవన్నీ దాస్తే ఎవరు చూస్తారండీ, జనానికి బొమ్మ చాలు" అని అంటారు, నేను విన్న మాటే. హవార్డ్ కార్టర్ కూడా ఈజిప్టుకి ఆర్కియాలజిస్టుగా వెళ్ళలేదు, 1891లో పదిహేడేళ్ళ వయసులో బెని హసన్ సమాధుల గోడల మీద బొమ్మలు కాపీ చెయ్యడానికి పిలిపించుకున్న కుర్రాడు. 1922లో టూటంఖామున్ సమాధి దొరికాక ఒక్కో వస్తువుకీ కార్డు రాశాడు, కొలతలు, ఏ చోట ఏ వాలులో పడుందో చిన్న స్కెచ్, పక్కన అనుమానాలు. చాలావరకు ఆయన బతికుండగా అచ్చులోకి రానేలేదు, ఆ తవ్వకం పూర్తి రిపోర్టు కూడా ఆయన రాయలేకపోయాడు. ఆ కార్డులన్నీ ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రిఫిత్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టేశారు, టూటంఖామున్ మీద పనిచేసేవాళ్ళు ఇవాళ్టికీ ముందు వాటినే తెరుస్తున్నారు.